టమాటా కట్టెలు

ఆ పొయ్యిని పట్టుబట్టి పెట్టించింది నేనే. తప్పు ప్లంబర్ మీదికి తోసేద్దామన్నా వీలు లేదు.

మాది పుంగనూరు దగ్గర పల్లె. ఇంట్లో పెద్ద గది పట్టుపురుగులది, అంటే నా భార్యది. గుడుపల్లెలో పుట్టింట నేర్చుకున్న ఆ పని ఆమెకు ప్రాణం. పురుగులకు చలి పడదని గదిలో గోడల వెంట పైపులు వేయించి, మిద్దె మీది సోలార్ ట్యాంకు నుంచి వేడినీళ్ళు తిప్పేవాళ్ళం. ముసురు పడితే ఆ నీళ్ళు చల్లబడిపోతాయి. పోయిన చలికాలం అట్లాగే ఒక పంట పోయింది. ఈసారి పిల్ల పురుగులు తెచ్చిన రోజే చెప్పింది, "ఇదీ పోతే ఇంగ వీటి జోలికి పోనప్పా" అని. అన్నంత పని చేసే మనిషి.

అందుకే మదనపల్లెలో కట్టెల బాయిలర్ కొనుక్కొచ్చి, ఆ గది గోడకు బయట పెట్టి, పాత పైపులకు కలిపించాను. ప్లంబర్‌ను ఊపిరి తీసుకోనివ్వలేదు. ఆవిరి పోయే నిలువు పైపు, నీళ్ళు వెనక్కి ఎక్కకుండా వాల్వు, అన్నీ దగ్గరుండి పెట్టించాను. "పొగగొట్టం ఇంకా రెండడుగులు లేపుదామన్నా" అన్నాడతను. చాల్లే అన్నాను. అంతా నాకే తెలుసని పొగరు.

పురుగులు నాలుగో జ్వరం దాటాయి. కుబుసం విడవడాన్ని మా వైపు జ్వరమనే అంటాం. ఇక వారం రోజులు ఆకు మేస్తే గూళ్ళు కడతాయనగా ముసురు పట్టింది.

పొయ్యి ముట్టిద్దామంటే కట్టెలన్నీ తడిసిపోయాయి. చూరు కింద పొడిగా ఉన్నవి టమాటా మొక్కలకు ఊతంగా నాటే పాత కట్టెలే. రెండు మోపులు వేశాను. గంటలో పైపులు వేడెక్కాయి. "సూడుమ్మే, ఎట్ల పని చేస్తాండాదో" అని మీసం తిప్పాను. ఆమె చాలా రోజులకు నవ్వింది.

మధ్యాహ్నం గాలి మళ్ళి పొగ పురుగుల గది కిటికీలోకి పోయింది. కాస్త పొగే కదా అనుకున్నాను. సాయంత్రం ఆమె కేక విని పరుగెత్తాను. పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి, పచ్చటి నీళ్ళు కక్కుతున్నాయి. ఆమె ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. బయటికి వచ్చి, కాలకుండా మిగిలిన కట్టె తీసి వాసన పట్టింది.

"యాడివి ఇవి?"

"తోటవి."

"ఎన్ని మందులు తాగినాయప్పా ఇవి!" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నేను టమాటాకు పురుగుమందు కొట్టి వస్తే, పట్టుపురుగులకు సోకుతుందని ఆమె గడప దాటనిచ్చేది కాదు. బయటే నీళ్ళు పోసుకుని గుడ్డలు మార్చుకోవాలి. ఇన్నేళ్ళూ మారుమాట లేకుండా ఆ నియమం పాటించాను. ఒంటికంటిన మందు కడుక్కున్నవాణ్ణి, ఏళ్ళ తరబడి ఆ మందులోనే తడిసిన కట్టెలు తెచ్చి ఆమె గది పక్కన కాల్చాను. నా బుర్రకు తట్టనే లేదు.

మరునాడు గుంత తీసి, సున్నం చల్లి, చచ్చిన పురుగులన్నిటినీ పూడ్చాం. పురుగుల్ని పెంచే తట్టలన్నీ కుప్పంలో ఉండే తన చెల్లెలికి ఇచ్చేసింది. పొయ్యి మాత్రం బ్రహ్మాండంగా పని చేస్తుంది, ఒక్క చుక్క కారదు. దాన్ని చూస్తే నా మీద నాకే అసహ్యం.

మొన్న తోటలో మందు కొట్టి వచ్చి, అలవాటుకొద్దీ వాకిట్లోనే నిలబడి నీళ్ళు తెమ్మన్నాను. ఆమె గడప దగ్గరికి వచ్చి నన్ను చూసింది.

"అట్లే లోపలికి రా అప్పా" అంది. "ఇంగ నీళ్ళు యాల?"