షెల్టర్ గదిలో కిరసనాయిలు

మా వదిన పోయింది. పుంగ్గోల్‌లో కొడుకు ఇంట్లో, మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మళ్ళీ లేవలేదు. నాకు రాత పెద్దగా రాదు. మా అమ్మ పలక మీద దిద్దించిన అక్షరాలే ఇవి. అయినా ఆవిడ గురించి ఇంకెవరో రాస్తే నాకు నచ్చదు. అందుకే నేనే రాస్తున్నాను.

ఈ ఊళ్ళో కరెంటు పోవడం మీలో చాలామంది చూసి ఉండరు. మా వదిన మాత్రం రేపే పోతుందన్నట్టు బతికింది. లాంతరు, కొవ్వొత్తులు, బియ్యంలో పూడ్చిన అగ్గిపెట్టెలు, టార్చిలైట్లు. బ్యాటరీలు లోపలే ఉంటే కారి లైటుని తినేస్తాయని విడిగా మూటకట్టేది. ఎవరైనా నవ్వితే, "చీకటి కబురు పెట్టి రాదు" అనేది.

నవ్వేవాళ్ళకి మా పాత ఇల్లు తెలియదు. ఈ ఊళ్ళోనే క్రాంజీ దగ్గర, ఆకులు కప్పిన ఇల్లు. అన్న రేవులో పనికి పోయినప్పుడు వదినకి నొప్పులొచ్చాయి. గాలివానకి దీపం ఆరిపోయింది. ఇంట్లో ఉన్న ఒక్క అగ్గిపెట్టె తడిసిపోయింది. మంత్రసాని తడుముకుంటూనే బిడ్డని తీసింది. నేను గుమ్మం బయట నిలబడ్డాను. "నా బిడ్డ మొహం చూపించండి" అని వదిన అడుగుతూనే ఉంది. చూపించడానికి వెలుతురేదీ? తెల్లారేదాకా వేళ్ళతో తడిమి చూసుకుంది.

ఆ బిడ్డే పెద్దవాడై ఫ్లాటు కొన్నాడు. ఇప్పటి ఫ్లాట్లలో ఇనుప తలుపుతో చిన్న షెల్టర్ గది ఉంటుంది, బాంబులు పడితే దాక్కోవడానికి. అందరూ అందులో సూట్‌కేసులు పెట్టుకుంటారు. వదిన కిరసనాయిలు డబ్బా పెట్టింది.

"అమ్మా, బాంబు పడితే మనం దాక్కునేది ఇక్కడే. కిరసనాయిలు కూడా ఇక్కడేనా?"

"మరి దాన్నొక్కదాన్నీ బయట వదిలేస్తామా? అదీ ఇంట్లోదే కదరా."

"అయ్యో అమ్మా, ఇంక బాంబెందుకు లా, నువ్వు చాలు!" అన్నాడు వాడు, ఈ ఊరివాళ్ళందరిలాగే మాట చివర 'లా' తగిలించి.

ఆ ఒక్కసారే వదిన ఓడింది. డబ్బా కారెక్కి క్లెమెంటిలో మా ఇంటికి వచ్చింది. పొయ్యికి దూరంగా పెట్టాలి, ఎండ తగలకూడదు, మూత బిగించాలి. అన్నీ సరిగా ఉన్నాయో లేదో చూడటానికి అప్పుడప్పుడు రైలెక్కి వచ్చేది. "నీ కోసం కాదు మరిదీ, డబ్బాని చూసిపోదామని" అనేది. డబ్బాని చూడటానికి వచ్చే మనిషి చేపల పులుసు ఎందుకు తెస్తుంది? మా ఇంటావిడ పోయాక నా తలుపు కొట్టిన మనిషి ఆవిడొక్కతే.

చాదస్తం లేదనను. కొవ్వొత్తులు ఉక్కకి కొడవళ్ళలా వంగిపోయినా పారేయనిచ్చేది కాదు. "వంకరైతే వెలగదా? నువ్వు వంకర కాదా?" అని నన్నే దెప్పేది. కానీ మంటతో ఆటలాడలేదు. ఏది ముట్టించినా ఆరేదాకా పక్కనే కూర్చునేది. "వెలిగించి లేచిపోయేవాడికి దీపం ఎందుకు?" అనేది.

ఆవిడ ఊపిరి వదిలిన చోట పదో రోజుదాకా దీపం ఆరకూడదు. సెలవులు అయిపోయాక కోడలు బ్యాటరీ దీపం కొనుక్కొచ్చింది.

"చిన్న మావయ్యా, మేమిద్దరం ఆఫీసుకి పోతే నూనె దీపాన్ని ఎవరు చూస్తారు? ఇది సేఫ్ లా. అచ్చం దీపంలానే ఉంది, చూడండి."

ఆ అమ్మాయి మాటలో తప్పు లేదు. మనిషి లేని ఇంట్లో మంట ఉంచితే వదినే తిట్టేది. కానీ ఆవిడ తల పెట్టుకున్న చోట బొమ్మ దీపం చూడటం నా వల్ల కాదు.

"అది తీసెయ్యమ్మా. నేను కూర్చుంటాను."

కూర్చున్నాను. రోజూ పొద్దున్నే ఊరికి ఆ చివర క్లెమెంటిలో రైలెక్కి ఈ చివర దిగడం, నూనె పోయడం, వత్తి ఎగదోయడం. మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. కళ్ళు మండుతున్నాయి. ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే రకం కాదు నేను. తొమ్మిదో రోజు మధ్యాహ్నం కుర్చీలోనే కన్ను అంటుకుంది. ఎంతసేపో తెలియదు. ఉలిక్కిపడి లేచి చూశాను.

దీపం వెలుగుతోంది. దాని ముందు నేల మీద వదిన కొడుకు కూర్చుని ఉన్నాడు. ఆఫీసు నుంచి ఎప్పుడొచ్చాడో, మెళ్ళో కార్డు అలాగే ఉంది. కిటికీలు మూసి ఫ్యాన్ ఆపేశాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"పడుకో చిన్నాన్నా. నేను చూస్తున్నా."

నా వైపు తిరగలేదు. అరవై దాటిన మనిషి, దీపం మీదికి వంగి, చెమట చుక్క అందులో పడకుండా గడ్డం కింద అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.