మిద్దె మీది గాలిపెట్టె

మా ఎదురింటి అక్క పోయిన శుక్రవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే వెళ్లిపోయింది. నాకంటే నాలుగేళ్లు పెద్ద.

వడమాలపేటలో మా వీధి వెనక గ్యాసు కేంద్రం వచ్చాక సాయంత్రాలు వాసన, తలనొప్పులు మొదలయ్యాయి. పైపులో వచ్చే గ్యాసుకు సొంత వాసన ఉండదట, కారితే తెలియాలని కలుపుతారట. ఐదో తరగతితో బడి మానేసి, నా అంగట్లో పొట్లం కాగితాలు చదివి పోగేసుకున్న చదువు నాది. ఇది అక్కకు చెబితే, "అది సరే అప్పా, ఈ పొద్దు వాసనొచ్చిందా లేదా, అది సెప్పు" అంది.

అర్జీలు పెట్టగా పెట్టగా అధికారులు గాలిని కొలిచే పెట్టెను అక్క మిద్దె మీద బిగించారు. గాలి ఏ దిక్కు నుంచి వీచింది, వాసన ఉందా అని అక్క తన నోటుబుక్కులో రోజూ రాసేది.

మూడు నెలలకు లెక్కలు వచ్చాయి. ఒక్క రోజు అంకె మిగతావాటికి నాలుగింతలు. ఇక కేంద్రం పని అయిపోయిందని ఆ కాగితానికి నకళ్లు తీయించి వీధంతా పంచింది నేనే. విచారణకు వచ్చిన అధికారి ముందు అక్క లేచి నిలబడింది.

"అయ్యా, అది ఆయుధపూజ నాటిది. ఇంట్లో మిషన్లన్నిటికీ బొట్టు పెట్టి, దీనికీ పెట్టినాను. సాంబ్రాణి కూడా ఏసినాను. ఆ పొద్దుది కొట్టేయండి. మిగిలినవి సూడండి."

వీధి వీధంతా ఆమె మీద పళ్లు నూరింది. "గమ్మునుండింటే ఏం పోయింటాది అక్కా?" అన్నాను.

"కేంద్రమోళ్లే కనుక్కోనుంటే? నా సాంబ్రాణి సాకుతో అన్నీ కొట్టేసుందురు. నీ నకళ్లతో పొట్లాలు కట్టుకోవాల్సొచ్చేది."

అధికారి ఆ రోజు అంకె కొట్టేసి, నోటుబుక్కు తెప్పించుకుని, తక్కిన రోజులతో సరిచూశాడు. కేంద్రం వైపు నుంచి గాలి వీచిందని అక్క రాసిన ప్రతి సాయంత్రమూ పెట్టెలో అంకె పెరిగింది. నెల తిరక్కుండా కేంద్రంలో కారుతున్న వాల్వు మార్చారు. పెట్టెను మాత్రం తీయనివ్వలేదు అక్క.

ఆమెను సాగనంపిన మర్నాడు, సంగతి తెలియని మెకానిక్ పెట్టె చూడటానికి వచ్చి, మెట్ల దగ్గర చెప్పులు విడిచి "అవ్వా" అని పిలిచాడు. అక్క కోడలు బయటికి వచ్చి చెప్పింది. అతను, "మరి బుక్కు ఎవురు రాస్తారుమా?" అన్నాడు.

కోడలు కొంగుతో చేయి తుడుచుకుని మిద్దె ఎక్కింది. కేంద్రం వైపు ముఖం పెట్టి, కళ్లు మూసుకుని, మెల్లగా గాలి పీల్చింది.