పింగ్ కొట్టి ఫెయిలయ్యాను

సరైన జవాబు రాసినందుకు అమీర్‌పేటలో నన్ను ఫెయిల్ చేశారు. ఇన్నేళ్లయినా ఈ వాక్యంలో ఒక్క అక్షరం మార్చను.

గల్లీకి నాలుగు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు లేచిన రోజులవి. పంజాగుట్టలో నేను పనిచేసే ఆఫీసులో టైపు మిషన్లు తీసేశారు. నెలాఖరులోగా సర్టిఫికెట్ తెస్తే నెట్‌వర్కు చూసుకునే సీటు ఇస్తామని, లేకపోతే ఇంటికి వెళ్లొచ్చని మేనేజరు చెప్పాడు. పని నాకు అప్పటికే వచ్చు. ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలతో నా అంతట నేనే నేర్చుకున్నాను. కావలసిందల్లా ఆ కాగితం.

అందుకే అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. అక్కడ చదువంటే మెటీరియల్. ఎవరో ఎప్పుడో చేత్తో రాసుకున్న నోట్సుకు జిరాక్సు, ఆ జిరాక్సుకు మళ్లీ జిరాక్సు. దాన్ని బట్టీ పట్టి, కంప్యూటర్ ముట్టకుండానే పాసైన మహానుభావులున్నారు.

పరీక్షలో ల్యాబు ప్రింటరు పేరు ఇచ్చి, దాని ఐపీ అడ్రసు, అంటే నెట్‌వర్కులో దాని నంబరు, కనుక్కోమన్నారు. నల్ల తెర తెరిచి, పింగ్ అని కొట్టి, పక్కన ఆ పేరు కొడితే చాలు. నెట్‌వర్కులో ఆ పేరుకు ఆ పూట ఏ నంబరుందో మొదటి వరసలోనే వస్తుంది. పేరు అలాగే ఉంటుంది, నంబరు మారుతుంటుంది. అందుకే కదా పేరుతో వెతకడం! నాకు చివర 25 వచ్చింది. రాశాను. మిగతా వాళ్లంతా కీబోర్డు ముట్టకుండానే 40 రాశారు. మెటీరియల్‌లో ఉదాహరణకు వేసిన నంబరది.

పాఠం చెప్పే కుర్ర సారు నా కాగితం మీద ఎర్రగీత కొట్టాడు.

"ఏంది అంకుల్, మెటీరియల్ చదవలే? అండ్ల నలభై అని సాఫ్ రాసి ఉంది."

"మెటీరియల్ సంగతి వదిలెయ్ బాబూ. తెర మీద ఏముందో చూడు."

చూశాడు. ఇరవై అయిదే.

"అయితే ప్రింటరే తప్పు. రెండేండ్ల సంది అందరు నలభై రాస్తున్నరు, అందరు పాసయిన్రు. మీరొక్కరే తెలివిగల్లోళ్లా?"

వెనక బెంచీ కుర్రాడు నా చెవిలో, "చాచా, కొట్టేసి నలభై రాసెయ్, జాన్ ఛూటేగీ, పీడ పోతది" అన్నాడు. రాయలేదు. ఉన్నది కనుక్కోమన్నారు, కనుక్కున్నాను. లేనిది రాయడానికి నేను ఆ సారును కాను.

ఇన్‌స్టిట్యూట్ యజమానికి దరఖాస్తు పెట్టాను. తెర మీద వచ్చినదాన్ని ఆ ప్రింటరు మీదే అచ్చు తీసి జతచేశాను. ఆఫీసులో గడువు ఇంకా మూడు రోజులుందనగా, లెటర్‌హెడ్ మీద సంతకంతో జవాబొచ్చింది:

"అయ్యా, మీ ఫిర్యాదుపై వెంటనే చర్య తీసుకున్నాము. ప్రింటరు నంబరును మెటీరియల్ ప్రకారం 40కి మార్పించాము. కావున ఇప్పుడు మీ జవాబు తప్పు. వచ్చే బ్యాచ్‌లో మళ్లీ రాయగలరు."