తెగని తాడు

నేను మెటీరియల్స్ ఇంజనీరును. ఎంత లాగినా తెగని సన్నటి తాడునూ, దాని మీద పడే బరువును చూపించే సెన్సర్‌నూ తయారుచేయడానికే నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. నాలుగేళ్ల క్రితం ఆ తాడును వలకు కట్టి పరీక్షించడానికి, నెల్లూరు తీరంలో జాలరి పోలయ్య, అతని తమ్ముడు శీనయ్యలతో కలిసి పడవెక్కాను.

"ఈ తాడు మా అత్త నస మాదిరుండాది సార్, ఎంత లాగినా తెగదు," అని నవ్వుతూ పోలయ్య వల వదులుతున్నాడు. అంతలో తాడు అతని కాలికి చుట్టుకుంది. మునుగుతున్న వల బరువు అతన్ని సముద్రంలోకి ఈడ్చేసింది.

"అన్నా!" అని కేక పెట్టి శీనయ్య ఇంజన్ ఆపాడు. కత్తి తీసి తాడును కోయసాగాడు. తెగలేదు. "సార్, ఇది తెగేదెట్టా?" అని నా వైపు చూసి అరిచాడు. దాన్ని ఎలా తెంచాలో నేనెప్పుడూ ఆలోచించలేదు. నా చూపు చేతిలోని సెన్సర్ తెర మీద పడింది. ల్యాబులో ఎన్నడూ చూడనంత బరువు చూపిస్తోంది. అయినా తాడు నిలిచింది. ఒక్క క్షణం నాకు సంతోషం కలిగింది.

తర్వాత ఇద్దరం అరచేతులు కోసుకుపోయేలా వల లాగాం. పోలయ్య పైకి వచ్చేసరికి ప్రాణం లేదు.

పెద్దకర్మ రోజున అతని భార్య అంకమ్మ, కట్లు కట్టిన నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "ఆయన కోసం ఇంత అగచాట్లు పడినావంట గదన్నా," అంది.

ఆ క్షణం గురించి ఆమెకు చెప్పలేకపోయాను. తాడు తయారీ మానేశాను. ఆమె మాత్రం ఇప్పటికీ ఫోన్ చేసి, "చేతులు బాగుండాయా అన్నా?" అని అడుగుతుంది.