పెడన మావయ్య పంపిన మాస్కు

కరోనా మొదటి వేసవిలో నేను గుడివాడ దగ్గర ఓ చిన్న ఆసుపత్రిలో నర్సుని. మాస్కులు నిండుకున్నాయి. పైవాళ్ళని అడిగితే "ధైర్యంగా ఉండండి" అనేవారు. ధైర్యాన్ని చెవులకి తగిలించుకోలేం కదా! పెడనలో కలంకారీ అద్దకం చేసే మా మావయ్యకి ఫోన్ చేసి తొందరపెడితే, మర్నాటికల్లా ఎర్రపూల మాస్కులు కుట్టించి పంపాడు.

ఒకటి పెట్టుకుని, ఎండలో బారులు తీరిన జనానికి జ్వరం చూస్తున్నాను. చెమటకి మాస్కు తడిసి ముద్దయింది. ఎదురుగా ఉన్న పెద్దాయన నా గడ్డం వంక చూసి, "అమ్మో! నర్సమ్మ రక్తం కక్కుకుంటోందిరోయ్!" అని కేకపెట్టాడు. క్షణంలో వరస మాయం. డాక్టరుగారు గదిలోకి దూరి గడియ వేసుకున్నారు.

"ఇది రంగండీ!" అన్నాను.

"ఆ మాట రిపోర్టు చెప్పాలమ్మా," అంటూ కిటికీలోంచే నన్ను ఐసోలేషన్ వార్డుకి పంపేశారు.

అక్కణ్ణుంచే మావయ్యని ఫోన్లో దులిపేశాను.

"అద్దిన గుడ్డని కాలువలో జాడిస్తేనే మిగులు రంగు పోతుందమ్మా. వేసవని కాలువకి నీళ్ళు కట్టేశారుగా! నువ్వేమో ఆగనన్నావు. ఇంతకీ పూలు బాగున్నాయా?" అన్నాడు.

రిపోర్టు వచ్చేదాకా ఆ వార్డులో ఉన్న ఒక్క పేషెంటునీ నేనే, ఆ పేషెంటుని చూసుకోవాల్సిన నర్సునీ నేనే. ఇన్నేళ్ళ సర్వీసులో అంతగా విసిగించిన పేషెంటుని నేను మళ్ళీ చూడలేదు.