చిగుళ్ల దాకా నవ్వు

నా ముందుపన్ను ఊడింది బస్సులో. మచిలీపట్నం నుంచి ఘంటసాల బడికి రోజూ వెళ్లొచ్చే టీచర్ని నేను. గేదె అడ్డొచ్చిందని డ్రైవరు బ్రేకేస్తే ముందు సీటు కడ్డీ మూతికి తగిలింది. గేదెకేం కాలేదు.

తర్వాత రెండేళ్లు క్లిప్పు పన్ను. ఓసారి పాఠం మధ్యలో అది జారి టేబుల్ మీద పడితే ఏడో తరగతి పిల్లలు ఒక్కరూ నవ్వలేదు. దానికే నాకు ఎక్కువ ఒళ్లు మండింది. అప్పట్నుంచీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, పెదవి విప్పీ విప్పకుండా నవ్వడం అలవాటైంది. ఎముకలోకే బిగించే పన్ను ఉందట, ఊడే పనే లేదట అని విని, గుడివాడలో కొత్తగా వచ్చిన పళ్ల డాక్టరు దగ్గరికి మావారితో వెళ్లాను. మళ్లీ మామూలుగా నవ్వాలి, అంతే నాక్కావాల్సింది.

డాక్టరు చిన్నవాడే, కానీ తొందరపడే రకం కాదు. పన్ను గట్టిగా నిలబడటం వేరు, చూడ్డానికి బాగుండటం వేరన్నాడు. నా చిగురు పల్చనిదట. రేపు అది కాస్త పైకి జరిగితే లోపలి లోహం నల్లగా కనబడొచ్చట.

"నవ్వినప్పుడు పెదవి అంతదాకా లేవకపోతే పర్వాలేదండీ. ఏదీ, ఓసారి నవ్వండమ్మా."

నవ్వాను. స్కేలు పెట్టి కొలిచి, "చిగురు కనబడట్లేదు, భయం లేదు," అంటూ రాసుకుంటున్నాడు.

"అది ఆవిడ నవ్వు కాదండీ," అన్నారు మావారు.

ఆయన ఆఫీసులో గుమస్తా, ఇంట్లో పేపరు వెనకాల ఉంటారు. ఇరవయ్యేళ్ల కాపురంలో నా చీర రంగు ఏనాడూ చెప్పలేని మనిషి.

"మా మరదలితో మాట్లాడేటప్పుడు వేరే నవ్వుండేదండీ, పన్ను ఊడకముందు. పైచిగురంతా కనబడేది."

పేపరు వెనక నుంచి ఎప్పుడు చూశారో మహానుభావుడు! సుఖంగా తేలిపోయే పనిని చెడగొట్టారని చిర్రెత్తుకొచ్చింది. డాక్టరు మాత్రం పెన్ను మూసి, ఆ మరదలికి ఫోన్ చెయ్యమన్నాడు. నాగాయలంకలో మా చెల్లెలు ఎత్తింది.

"నన్ను కాస్త నవ్వించవే, డాక్టరు గారు కొలుస్తారట," అన్నాను.

"బావగారు పక్కనే ఉన్నారా?"

"ఉన్నారు."

"అయితే కష్టమేనే."

కొంగు అందేలోపే నవ్వొచ్చేసింది. డాక్టరు మళ్లీ కొలిచి, ముందు రాసింది కొట్టేశాడు. అంగిట్లోంచి కాస్త కండ తీసి చిగురుకి అతికించాలి, ఆర్నెల్లు పడుతుంది, అయినా అచ్చం పాతదానిలా ఉంటుందని మాటివ్వలేనన్నాడు. "మొదట నవ్వారే, ఆ నవ్వుతో సరిపెట్టుకుంటానంటే వచ్చేవారమే మొదలుపెడదామండీ."

వచ్చేవారమే అనబోయాను, ఒట్టు.

"ఆ నవ్వుతో రెండేళ్లు సరిపెట్టుకున్నామండీ," అన్నారు మావారు. "ఆర్నెల్లు ఆగుతాం."