ఉచితం అనే మాట

తిరుత్తణి ఏ రాష్ట్రానికి చెందాలని అందరూ వాదులాడుకుంటున్న రోజులవి. అన్నా నేనూ పక్కపక్క మగ్గాల మీద నేసేవాళ్లం. ఆదివారం నేనొక్కణ్ణే రైలెక్కి తిరువళ్లూరు చర్చికి, అక్కణ్ణుంచి లైబ్రరీకి వెళ్లేవాణ్ణి. బడిలో చదివిన కాస్తా తమిళమే. తెలుగు చదవడం ఆ లైబ్రరీలో సొంతంగా నేర్చుకున్నాను. తెలియని మాటను నిఘంటువులో చూడకుండా వదిలింది లేదు.

బాప్తిస్మం తీసుకోవాలని గట్టిగా అనుకున్న ఏడాది, రక్షణ ఉచితమని పాస్టరయ్య ప్రసంగించారు. తమిళంలో ఉచితమంటే తగినది. నిఘంటువు తెరిస్తే మొదటి అర్థమూ అదే. అంటే తగినవాడికే రక్షణ. సరే, తగినవాణ్ణవుతాను.

బీడీ మానేశాను. తెల్లవారకముందే లేచి ప్రార్థన చేశాను. కానీ మగ్గం మీద పోగు తెగితే నోట్లోంచి బూతు దూకేది. మళ్లీ మొదటినుంచి. పాస్టరయ్య బాప్తిస్మానికి పిలిచినప్పుడల్లా, ఇంకొన్నాళ్లు కానీయండని వాయిదా వేసేవాణ్ణి.

"ఏమప్పా, తగినోడివి అయినావా?" గుడికే వెళ్లే అన్న ఎగతాళి చేసేవాడు. "మాకైతే ఇంకో జన్మ ఉండాది. మీకు అదీ లేదే."

ఆ మాట గుచ్చుకుంది. ఆ ఆదివారమే అయ్యను నిలదీశాను. "తగినవాణ్ణి అయినానని ఎట్ల తెలిసేదయ్యా?"

"తగేది యాడుండాది దీంట్లో?"

"ఉచితమని మీరే చెప్పినారు గదా. నిఘంటువులో చూసినా."

ఆయన నవ్వాపుకోలేకపోయారు. "సుమ్మా, అబ్బాయ్. ఊరికే ఇచ్చేది. నిఘంటువులో కింద చదవలేదా?"

వెళ్లి చూశాను. కిందనే ఉంది, వెల లేనిదని.

సంతోషం కలగలేదు, ఒళ్లు మండింది. నేతగాడికి ఊరికే వచ్చేదేముంది? పడుగులో పేక వేయకుండా జానెడు గుడ్డ రాదు. నా పాట్లన్నీ లెక్కకు రావని ఒప్పుకోవడం బీడీ మానడంకంటే కష్టమైంది. కానీ తగినవాణ్ణయ్యే ఆ దారిన నేను చేరలేదు, ఎన్నటికీ చేరను. ఇక సంపాదించబోను, ఇస్తే పుచ్చుకుంటానని తిరుగు రైల్లోనే నిశ్చయించుకున్నాను.

పూండి చెరువులో బాప్తిస్మమిచ్చే రోజు పొద్దున పోగు తెగిందని అన్నను నానా మాటలూ అన్నాను.

"ఈ నోటితోనా మునిగేది?" అన్నాడు.

"ఈ నోటితోనే," అని తువ్వాలు భుజాన వేసుకుని బస్సెక్కాను.

నడుము లోతు నీళ్లలో నిలబడి అయ్యకు చెప్పాను. "పొద్దున్నే అన్నను తిట్టి వచ్చినానయ్యా."

"ఇంటికి పోయి మన్నిప్పు అడుగు," అంటూ ఆయన నా తల వెనక చెయ్యి వేశారు. "ఇప్పుడు ముక్కు మూసుకో."